కౌలు లోకంలో బడి

వర్చువల్ రియాలిటీని గురించి మన విద్యారంగంలో రెండు వాదాలు వినిపిస్తున్నాయి. భవిష్యత్తంతా అందులోనే ఉంది, పాఠం చెప్పదలచినవాడు కళ్ళకు హెడ్‌సెట్ తగిలించుకొని ఆ లోకంలో కట్టడాలు కట్టడం నేర్చుకోక తప్పదు అనేది ఒకటి. రెండోది మన మిత్రులది: అదంతా మాయ, యువకులను వాస్తవ జీవితం నుంచి మళ్ళించడానికి బూర్జువా వర్గం పన్నిన వల, మనకు దానితో పనిలేదు అనేది. మొదటి వాదం అమ్మకందారుది గనక దాని స్వార్థం కనిపిస్తూనే ఉంది. రెండోది భౌతికవాదులమని చెప్పుకునేవారి నోట రావడమే విడ్డూరం.

మాయ అంటున్నారు. మరి మాయకు నెలనెలా అద్దె ఎందుకు కట్టవలసి వస్తున్నది? ఆ లోకం సర్వర్ల మీద నడుస్తుంది. సర్వర్లకు యజమాని ఉన్నాడు, కరెంటు బిల్లు ఉంది, ఒప్పందపత్రం ఉంది. అక్కడ నిలబెట్టిన ప్రతి గోడ వెనకా ఎవరో గంటల తరబడి కూర్చుని చేసిన శ్రమ ఉంది. శ్రమా, సాధనాలూ, యాజమాన్యమూ ఉన్నచోట మనకు పనిలేదనడం శంకరుడి శిష్యులకు చెల్లుతుందేమో గాని మార్క్సు శిష్యులకు చెల్లదు.

ఉపాధ్యాయులు ఈ లోకాలలో కట్టడం నిన్న మొన్న మొదలుపెట్టలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ 2003లో సెకండ్ లైఫ్ తెరిచింది. అది హెడ్‌సెట్‌తో పనిలేకుండా మామూలు కంప్యూటర్ తెర మీద కనిపించే లోకమే. అయినా అక్కడ బళ్ళు పెద్ద ఎత్తున వెలిశాయి. పని దిమ్మెతో మొదలవుతుంది. దాన్ని సాగదీస్తే గోడ, పలచన చేస్తే తలుపు. తలుపు తెరుచుకోవాలంటే స్క్రిప్టు రాయాలి. కొత్త స్క్రిప్టు ఏది తెరిచినా ముందుగా 'హలో, అవతార్!' అని పలకరిస్తుంది. మన పురాణాల మాట సముద్రాలు దాటిపోయి కంపెనీ సరుకై తిరిగిరావడం వేరే వ్యాసానికి వస్తువు.

అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ విశ్వవిద్యాలయాలు అక్కడ దీవులు 'కొన్నాయి'. కొనడం అన్నది కంపెనీ వాడిన మాట. 2010 నాటికి 256 మీటర్ల పొడవూ అంతే వెడల్పూ గల దీవికి నెలకు 295 డాలర్లు కట్టాలి. విద్యాసంస్థలకు అందులో సగం. కట్టకపోతే పోయే భూమిని మన పల్లెల్లో కౌలు భూమి అంటారు. ఆ ఏడాది అక్టోబరులో కంపెనీ ఆ రాయితీని 2011 జనవరి నుంచి ఎత్తివేస్తున్నట్లు ప్రకటించింది. విద్యాసంవత్సరం నడిమధ్యన, బడ్జెట్లు ముగిశాక, కౌలు రెట్టింపు! 2013లో రాయితీ మళ్ళీ ఇచ్చింది. చూశారా, వాళ్ళు దుర్మార్గులు కారు అంటారు కొందరు. నేను దుర్మార్గులన్నానా? భూస్వామి ఒక ఏడు కౌలు పెంచి మరొక ఏడు తగ్గిస్తే అతని మనస్తత్వాన్ని విశ్లేషించడం కథకుల పని. కౌలుదారుకు హక్కు ఉన్నదా లేదా అన్నదే మన ప్రశ్న.

చాలామంది పంతుళ్ళు ఓపెన్‌సిమ్యులేటర్‌కు వలసపోయారు. 2007లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా సొంత యంత్రం మీద నడుపుకోవచ్చు, దీవినంతా ఒకే ఫైలుగా దాచుకోవచ్చు. కాని మూటాముల్లె సర్దుకునేటప్పుడు అసలు సంగతి బయటపడింది. ఎవరు సృష్టించినదానిపై మేధోహక్కులు వారివేనని లిండెన్ ల్యాబ్ 2003లోనే ఘనంగా ప్రకటించింది. అయితే ఆ లోకంలోకి వెళ్ళడానికి బయటివారు తయారుచేసే సాఫ్ట్‌వేర్లకు 2010లో ఒక నియమం పెట్టింది: వస్తువును బయటికి తీసుకుపోయేవాడే దాని సృష్టికర్త అయి ఉండాలి. దొంగతనాన్ని ఆపే నియమమే, కాదనను. కాని తరగతి గది ఎట్లా పనిచేస్తుంది? ఒక కుర్రవాడు స్తంభం చేస్తాడు, ఒక అమ్మాయి పైకప్పు వేస్తుంది, పంతులు మెట్లు కడతాడు. ముప్పైమంది కట్టిన భవనాన్ని ఆ ముప్పైమందిలో ఏ ఒక్కరూ తీసుకుపోలేరు. చదువు ముగించి వెళ్ళిపోయినవాడి స్తంభం అక్కడే ఉండిపోతుంది. వ్యక్తిగత ఆస్తి తప్ప మరొకటి ఎరగని చట్టానికి సమష్టిశ్రమ కంటికే ఆనదు.

తరువాతి చరిత్రా ఇంతే. గూగుల్ బడిపిల్లల కోసం నడిపిన ఎక్స్‌పెడిషన్స్‌ను 2021లో మూసింది. మైక్రోసాఫ్ట్ తాను కొన్న ఆల్ట్‌స్పేస్‌ను 2023 మార్చిలో మూసింది. మొజిల్లా హబ్స్ సర్వర్లను 2024 మే 31న ఆపింది. అయితే హబ్స్ సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంది గనక ఇతరులు దాన్ని కొనసాగించగలిగారు. ఈ తేడా కంపెనీల మంచితనంలో లేదు, లైసెన్సులో ఉంది.

మా కళాశాలకు హెడ్‌సెట్లు అమ్మజూపడానికి ఒక ప్రతినిధి వచ్చాడు. విద్యార్థులు కట్టినదాన్ని మా డిస్కులో దాచుకోవచ్చునా అని అడిగాను. ఆయన నా కళ్ళకు హెడ్‌సెట్ పెట్టి తిమింగలాన్ని చూపించాడు. తిమింగలం బాగానే ఉంది.

మరి నేర్చుకోవడం మానేద్దామా? మానకూడదనే నా వాదం. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని నడిపిన కంపెనీ మూతపడితే 2002లో వాడకందారులు చందాలు వేసుకొని, లక్ష యూరోలు పోగుచేసి, దాని కోడ్‌ను విడిపించుకున్నారు. అందులో చేసినది మన ఫైలే. ఏ లోకంలోనికైనా మోసుకుపోవచ్చు. మన పిల్లలకు ఫోను తప్ప కంప్యూటర్ ఎక్కడిది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మా తరగతిలో నలభైమందికి నాలుగు యంత్రాలే దొరికాయి. ఒక్కొక్క యంత్రం దగ్గర పదిమంది కూర్చున్నారు. కట్టిన చేతులకన్న వాదించిన నోళ్ళే ఎక్కువ, అదే పాఠమైంది.

కట్టదలచుకున్నది బొంకులదిబ్బ, గురజాడ 'కన్యాశుల్కం'లో తెరలేచే చోటు. అరుగు ఎత్తెంత, వీధి మట్టిదా రాతిదా అన్న తగువు మొదటి వారమే తీరింది. తరువాత మధురవాణి ఇంటికి వచ్చాం. గదిలో దీపం ఎక్కడ పెట్టాలి, దాని వెలుగు ఎంతదూరం పోవాలి అని తేల్చడానికి నాటకాన్ని మూడుసార్లు చదివారు. పరీక్షకు ఒక్కసారి చదవనివాళ్ళు! ఆనాడు ఒక అమ్మాయి అడిగింది: ఈ ఇల్లు ఊడ్చేదెవరు, ఆమె ఏ దారిన లోపలికి వస్తుంది? దొడ్డిగుమ్మం పెట్టాలని సగంమంది, నాటకంలో లేనిది పెట్టరాదని సగంమంది. ప్రస్తుతానికి ఆ గోడలో గుమ్మమంత ఖాళీ వదిలిపెట్టారు. ఫైలు మా విభాగం డిస్కులో ఉంది, వచ్చే ఏటి తరగతి దాన్ని తెరుస్తుంది.