ఓడ దిగిన మెట్ల దగ్గర

మారిషస్ అనగానే నీలి సముద్రమే గుర్తొస్తుంది. రిసార్టు గేటు దాటకుండానే తిరిగొచ్చే ప్యాకేజీలు పెరిగిన ఈ రోజుల్లో, స్థానిక గైడు వెంట ఒక్క పగలు ఊరు చూడటాన్నే ఈ సంచికకు అంశంగా తీసుకున్నాం.

పోర్ట్ లూయీలోని పాత వలస రేవు ఆప్రవాసీ ఘాట్‌లో ఓడ దిగిన కూలీలు ఎక్కిన రాతిమెట్లు ఇంకా ఉన్నాయి. 1834 తర్వాత చెరకు తోటల కోసం దాదాపు ఐదు లక్షల మంది ఒప్పంద కూలీలు ఈ దీవికి వచ్చారు. కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లూ వారిలో ఉన్నారు. అక్కడ గైడు చెప్పేది మన ఇంటి కథే.

ఇదే దీవిలో బానిసల వారసులు నిలుపుకున్న సెగా పాటకు రవాన్ అనే డప్పు వాయిస్తారు. దాని మేకతోలును ముందుగా మంట దగ్గర వెచ్చబెట్టి బిగువు తెస్తారు.

మా రచయితలు ఫొటోల కన్నా అక్కడివాళ్ల మాటలకే ఎక్కువ చోటిచ్చారు. మేం కోరుకున్నదీ అదే.