అమ్ముడుపోయినాడు అనే ముందు

పోస్టు పొడుగ్గా ఉంటుంది. నేను బడిలో చదివింది తమిళం. తెలుగు మా అమ్మ నోటినుంచి నేర్చుకున్నదే. రాతలో తప్పులుంటే దిద్దండి, విషయం మాత్రం వదలొద్దండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది. మన తాలూకా పిల్లోడు ఒకడు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు వీడియో గేములు ఆడి, అవి ఎట్లున్నాయో తెలుగులో చెప్తుంటాడు. వాళ్ళ నాయన మన సంఘం సభ్యుడే. ఆ పిల్లోడు ఒక కొత్త గేముకు పదికి నాలుగు మార్కులు వేసినాడు. "పోటీ కంపెనీ దగ్గర డబ్బులు తిని వేసినాడంట" అని మొదటి రోజు మెసేజ్. రెండో రోజుకు "ఐదు లక్షలంట" అయింది. మూడో రోజుకు "బెట్టింగ్ యాపులోళ్ళతో కూడా లెక్కలున్నాయంట" దాకా పోయింది. శనివారం శనేశ్వర గుడి దగ్గర ఆ పిల్లోడి నాయన ఎదురుపడినాడు. ముప్పై ఏళ్ళ స్నేహం మాది. నన్ను చూసి చెప్పులు వెతుక్కున్నట్టు తల దించుకొని పక్కకు పోయినాడు.

మన భాషలో "అంట" అనే రెండక్షరాలున్నాయి చూడండి, వాటంత చౌకైన ఆయుధం ఇంకొకటి లేదు. మాట చివర అది తగిలిస్తే చెప్పినోడికి పూచీ ఉండదు, విన్నోడికి అడిగే పని ఉండదు. నష్టపోయేది మాత్రం ఒక ఇల్లు.

నేను ఆ పిల్లోడికి ఫోన్ చేసినాను. "తాతా, ఆ గేము నా డబ్బుతో కొన్నదే, బిల్లు పంపిస్తా చూడండి" అన్నాడు. పంపించినాడు. చూసినాను. సరే, ఇంకేమైనా ఉందా అని అడిగితే కాసేపు పలకలేదు. తర్వాత చెప్పినాడు. అంతకుముందు ఏడాది వేరే కంపెనీ ఒక గేము ఉచితంగా ఇచ్చి, ఒక రోజు హోటల్లో కార్యక్రమానికి పిలిచిందంట. దానికి ఎనిమిది మార్కులు వేసినాడు. వీడియోలో ఆ సంగతి ఒక్క మాట కూడా చెప్పలేదు. (ఈ "అంట" పూచీ లేనిది కాదు. చెప్పింది ఆ పిల్లోడే, రాస్తున్నది నేను.)

వింత చూడండి. తప్పు జరిగిన చోట ఎవరూ అడగలేదు. తప్పు లేని చోట ఐదు లక్షలు లెక్కగట్టినారు. పుకారుతో వచ్చే చిక్కే ఇది. అది దొంగను పట్టదు, దొరికినోణ్ణి పడుతుంది.

"గేములు చెప్పేటోళ్ళంతా అమ్ముడుపోయినోళ్ళే" అని మన గ్రూపులో ముగ్గురు రాసినారు. నా మనవడి దగ్గర కూర్చొని ఈ యాపారం సంగతులు కొన్ని తెలుసుకున్నాను. నాలుగు చెప్తాను, మీరే తూచండి.

మొదటిది. 2007 నవంబరులో అమెరికాలో గేమ్‌స్పాట్ అనే సంస్థ తన పేరున్న సమీక్షకుడు జెఫ్ గెర్స్ట్‌మన్‌ను ఉద్యోగంలోంచి తీసేసింది. ఆయన "కేన్ అండ్ లించ్" అనే గేముకు పదికి ఆరు వేసినాడు. ఆ గేము ప్రకటనలే అప్పుడు ఆ సంస్థ పేజీ నిండా ఉన్నాయి. మార్కులు తక్కువ వేసినందుకే తీసేసినారని పుకారు లేచింది. సంస్థ కాదన్నది. ఒప్పందం వల్ల ఆయన నోరు విప్పలేకపోయినాడు. 2012లో ఆ కట్టు తొలగినాక చెప్పినాడు: ప్రకటనలిచ్చే కంపెనీల ఒత్తిడికి పైవాళ్ళు లొంగినారని. అంటే ఆ పుకారులో నిజముంది. కానీ గమనించండి, ఆ కథలో అమ్ముడుపోనిది సమీక్షకుడే. ఒత్తిడి వచ్చింది ఆయన పైవాళ్ళకు.

రెండోది. 2014లో ఇంకో పుకారు. ఒక గేము తయారు చేసిన ఆవిడకు ఒక విలేకరితో స్నేహం ఉందని, అందుకే ఆమె గేము "డిప్రెషన్ క్వెస్ట్"ను మెచ్చుకొని సమీక్ష రాసినాడని. ప్రపంచమంతా అంటుకుంది. తీరా చూస్తే ఆ విలేకరి ఆ గేము మీద సమీక్షే రాయలేదు. లేని సమీక్షకు లంచం అంటగట్టినారు. ఆవిడకు బెదిరింపులు వచ్చి ఇల్లు విడిచి పోవాల్సి వచ్చింది.

మూడోది. అదే 2014లో వార్నర్ బ్రదర్స్ కంపెనీ "షాడో ఆఫ్ మోర్డోర్" అనే గేము కోసం పేరున్న యూట్యూబర్లకు డబ్బులిచ్చి వీడియోలు చేయించింది. మంచే చెప్పాల, లోపాలు చూపకూడదు అని షరతు. డబ్బు తీసుకున్న సంగతి వీడియోలో కాకుండా, కింద ఎవరూ తెరవని చోట రాయించినారు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది, 2016లో కంపెనీ ఇకమీదట అట్ల చేయనని ఒప్పందానికి వచ్చింది. ఆ వీడియోలను 55 లక్షల సార్లకు పైగా చూసినారు. ఇది పుకారు కాదు, కాగితం మీద తేలిన నిజం.

నాలుగోది నాకు అన్నిటికంటే బాగా అర్థమైంది, ఎందుకంటే ఇది మన శెనక్కాయల కథే. 2020 డిసెంబరు 10న "సైబర్‌పంక్ 2077" విడుదలైంది. సమీక్షకులకు ముందుగా ఇచ్చింది ఖరీదైన కంప్యూటర్లో ఆడే గేము మాత్రమే. దాన్ని ఆడి మంచి మార్కులు వేసినారు. జనం ఇళ్ళలో ఉన్న పాత ప్లేస్టేషన్లలో అది ఆగిపోతూ, తెగిపోతూ నడిచింది. వారం తిరిగేసరికి సోనీ తన అంగడిలోంచి దాన్ని తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. ఇక్కడ ఎవరూ లంచం తినలేదు. మూట పైన మంచి కాయ పోసి, అడుగున పుచ్చుకాయ పెట్టి, పైన చెయ్యి పెట్టి చూడు అన్నారు. చూసినోళ్ళు చూసింది నిజమే చెప్పినారు. మూట తిరగబోయమని గట్టిగా అడగకపోవడమే వాళ్ళ తప్పు.

ఇప్పుడు చెప్పండి. ఈ నాలుగింటికీ "అందరూ అమ్ముడుపోయినోళ్ళే" అనే ఒక్క మాట సరిపోతుందా? ఒకచోట సమీక్షకుడు నిలబడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఒకచోట సమీక్షే లేదు. ఒకచోట నిజంగా డబ్బు చేతులు మారింది. ఒకచోట మచ్చు చూపించడంలో మోసం. ఇవన్నీ ఒకే గాటన కట్టేస్తే లాభం ఎవరికి? డబ్బిచ్చినోడికే. అందరూ దొంగలే అయినప్పుడు అసలు దొంగకు కొత్తగా పోయే పరువేముంది? పోయేది నిలబడినోడి పరువు. రేపు ఆ పిల్లోడు "ఎట్లాగూ అన్నారు కదా, తినే అనిపించుకుందాం" అనుకుంటే, ఆ పాపంలో మన వాటా ఉంటుంది.

నమ్మకం ఎట్ల పుడుతుందో నేను చిన్నప్పుడు ఒకచోట చూసినాను. తమిళంలో ఆనంద వికటన్ పత్రిక సినిమాలకు నూటికి మార్కులు వేసేది. మహా పిసినారి పత్రిక. 1977లో భారతీరాజా "పదినారు వయదినిలే"కు 62.5 వేస్తే అది గొప్ప సంగతై, ఇప్పటికీ చెప్పుకుంటారు. మా స్నేహితులం టీ అంగడి దగ్గర ఆ మార్కుల మీద కొట్టుకునేవాళ్ళం. "వీళ్ళకు సినిమా తెలీదు" అని తిట్టినోళ్ళున్నారు, "డబ్బు తిన్నారు" అన్నోణ్ణి మాత్రం నేను చూడలేదు. ఎందుకంటే ఆ పత్రిక కొలత ఏళ్ళ తరబడి ఒకటే. మన అభిమాన హీరోకు 40 వేసినా, పక్కోడి హీరోకూ అదే తక్కెడ.

నా ఉద్యోగంలో నేర్చుకున్నది ఇంకొకటుంది. బుకింగ్ క్లర్కు మీద ఉండే పుకార్లు మీకు చెప్పక్కర్లేదు. "కౌంటర్లో ఉన్నోడు బెర్తులు అమ్ముకుంటాడు" అని వినని రోజు లేదు. రైల్వే దీనికి ఒక మందు పెట్టింది. డ్యూటీ ఎక్కేముందు నీ జేబులో సొంత డబ్బు ఎంతుందో రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాల. ప్రైవేట్ క్యాష్ డిక్లరేషన్ అంటారు. విజిలెన్స్ వాళ్ళు చెప్పకుండా వచ్చి, గల్లా డబ్బు, జేబు డబ్బు రెండూ లెక్కపెడతారు. రాసినదానికంటే జేబులో ఎక్కువుంటే సంజాయిషీ చెప్పుకోవాల్సిందే.

ఒక పొద్దు క్యూలో ఒకాయన నన్ను దొంగ అని అరిచినాడు. వెయిటింగ్ లిస్టులో ముందున్న తనకు రాకుండా వెనకాలోడికి బెర్తు వచ్చిందని. వెనకాలోడిది వేరే కోటా. చెప్పినా వినలేదు. క్యూ అంతా ఆయన పక్కే. ఖర్మకొద్దీ ఆ పొద్దే విజిలెన్స్ తనిఖీ. పొద్దున నేను రాసింది 38 రూపాయలు. జేబులో ఉన్నది 38 రూపాయలు. నన్ను కాపాడింది నా మంచితనం కాదు, దాన్ని ఎవరూ లెక్కపెట్టలేరు. ఆ రిజిస్టర్లో రాసిన ఒక్క వరుస కాపాడింది. అరిచినాయన మాత్రం క్షమించమని చెప్పడానికి లేడు, అప్పటికి బండెక్కి పోయినాడు. పుకారు పుట్టించేవాళ్ళు ఎప్పుడూ అంతే, తీర్పు వచ్చేలోపల బండెక్కేస్తారు.

గేములు చెప్పే పిల్లలకు కావలసింది ఈ రిజిస్టరే. మన దేశంలో దానికి నియమం కూడా ఉంది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చెప్పింది: డబ్బే కాదు, ఉచితంగా వచ్చిన వస్తువు, ప్రయాణం, హోటలు బస కూడా వెల్లడించాల. వీడియో అయితే కింద రాసి ఊరుకుంటే చాలదు, వీడియోలోనే కనబడాల, వినబడాల. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

"రాసినంత మాత్రాన దొంగ దొర అవుతాడా?" అని అడుగుతారు. అవ్వడు. దొంగ రిజిస్టర్లో కూడా అబద్ధం రాస్తాడు. కానీ రాసిన అబద్ధాన్ని తనిఖీ చేయొచ్చు. రాయనిదాన్ని దేనితో సరిచూస్తారు?

"పిల్లలాటల మీద ఇంత రాద్ధాంతమా సార్?" అని కూడా అంటారు. ప్లేస్టేషన్ కొత్త గేము ఒకటి ఐదు వేలదాకా పలుకుతుంది. వై.ఎన్. హొసకోటలో మగ్గం మీద కూర్చునే ఇంట్లో ఐదు వేలంటే ఏమిటో ఆ ఇంట్లోళ్ళను అడగండి. అది చిన్న సంగతే అనుకుందాం. పెద్ద సంగతి ఇంకొకటుంది. ఫోన్లో "గేము" అని చెప్పి జూదం అమ్మినోళ్ళు నిలబడింది ఈ నమ్మకం మీదే. "నేను ఆడినా, గెలిచినా, మీరూ ఆడండి" అని తెలిసిన ముఖం చెప్తే పల్లెలో పిల్లోడు నమ్మినాడు. 2025 మార్చిలో హైదరాబాదు మియాపూర్‌లో 25 మంది సినిమావాళ్ళు, సోషల్ మీడియావాళ్ళ మీద కేసు పెట్టినారు. ఎవరి తప్పెంతో కోర్టు తేలుస్తుంది. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. వాటికి ప్రచారం చేసినోడికి రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా.

అందుకే బెట్టింగ్ అనే మాట ఊరికే ఎవరి మీదా విసరొద్దు అంటున్నాను. నిజంగా జూదం అమ్మేటోణ్ణి అనడానికి ఆ మాటకు బరువు మిగలాల. సొంత డబ్బుతో గేము కొని, బాగలేదని చెప్పినోడి మీద కూడా అదే మాట వాడితే, రేపు అసలోడు వచ్చినప్పుడు "ఆ, వీళ్ళు అందర్నీ అంటారులే" అని జనం ఊరుకుంటారు. మనమే తలుపు తీసి పెట్టినట్టు.

ఇక నేను అడిగేది రెండు.

ఆ పిల్లోడికి: అబ్బయ్యా, నీ పాత వీడియో కింద కాదు, కొత్త వీడియో మొదట్లోనే నీ నోటితో చెప్పు. ఎనిమిది మార్కులు వేసిన ఆ గేము ఉచితంగా వచ్చిందని, హోటలుకు పిలిచినారని. ఇకమీదట ప్రతి గేముకూ గేము ఎవరిచ్చినారు, దేని మీద ఆడినావు, ఎన్ని గంటలు ఆడినావు, ఈ మూడూ తెలుగులో ముందే చెప్పు. సిగ్గుపడాల్సిన పని కాదు. ముప్పై ఏళ్ళకు పైగా రోజూ నేను చేసిన పనే.

ఆ వాయిస్ మెసేజ్ మొదట పంపిన సభ్యుడికి: మీరెవరో నాకు తెలుసు, పేరు రాయను. ఆదివారం సంఘం మీటింగు ఉంది. ఐదు లక్షలకు ఆధారముంటే తెచ్చి అందరి ముందు పెట్టండి, నేనే మొదట ఆ పిల్లోణ్ణి నిలదీస్తాను. లేకపోతే ఏ గ్రూపులో ఆ మాట వేసినారో అదే గ్రూపులో, అదే గొంతుతో, "అంట" లేకుండా వాపసు తీసుకోండి.

మీటింగుకు వచ్చేటప్పుడు ఆ పిల్లోడి నాయనను నేనే బండి మీద ఎక్కించుకొని వస్తాను. ఆయన పక్కన కూర్చోవడానికి ఒక కుర్చీ ఖాళీ పెట్టండి.