నోరున్న మూగజీవాలు

మా వెంగళరావు నగర్‌లో సినిమాలకు ఎడిటింగు పని చేసే కుర్రవాడొకడు ఫెర్రెట్‌ను పెంచుతున్నాడు. తెలుగు మేస్టారిని గదా అని మొన్న నన్ను ఆపి, "దీన్ని తెలుగులో ఏమంటారండీ?" అని అడిగాడు. ముంగిస అందామంటే ముంగిసది వేరే కుటుంబం. నీటికుక్క దీనికి కొంచెం దగ్గర చుట్టం. యూరపులో రెండువేల ఏళ్ళుగా కుందేళ్ళను బొరియల్లోంచి తరమడానికి పెంచుకుంటూ వస్తున్న జంతువు యిది. మనకు దానితో పనిపడలేదు గనుక పేరూ పుట్టలేదు. "ఫెర్రెట్ అనే పిలుచుకోవోయ్" అన్నాను. పేరుకన్న ముందు అతను తెలుసుకోవలసిన సంగతి మరొకటి వున్నది.

ఈ జంతువుకు రబ్బరంటే మహా యిష్టం. చెప్పు అంచులు, రిమోటు బొత్తాలు, ఇయర్‌ఫోను తొడుగులు, దిండులోని స్పంజి, ఏది దొరికితే అది కొరికి మింగుతుంది. పేగు చూస్తే సన్నం. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి పోయే తొందర శరీరం. అలాంటి దారిలో బఠాణీగింజంత రబ్బరు ముక్క అడ్డంపడితే చాలు. వాంతి అయితేనే రోగం అనుకుంటాం మనం. ఫెర్రెట్‌కు పేగు మూసుకుపోయినా చాలాసార్లు వాంతి కాదు. తిండి మానేస్తుంది, ముందుకాళ్ళతో మూతి గోక్కుంటుంది, పళ్ళు నూరుతుంది, మలం దారంలాగా సన్నబడి ఆపైన ఆగిపోతుంది. ఇవి చూసి కూడా రేపు చూద్దాం అనుకుంటే, ఆ రేపటికి పేగు కుళ్ళిపోవచ్చు.

వయస్సు కూడా చూడాలి. ఏడాది పిల్లకు ఈ లక్షణాలు వస్తే వైద్యుడు ముందుగా మింగిన వస్తువుకోసం వెతుకుతాడు. మూడు నాలుగేళ్ళు దాటినదైతే పొట్టలో వెంట్రుకల ఉండ వున్నదేమో చూస్తాడు, కంతి వున్నదేమో కూడా చూస్తాడు. దాని ఆయుర్దాయమే ఆరు నుంచి ఎనిమిదేళ్ళు గనుక నాలుగో యేడంటే నడివయస్సన్నమాట. లింఫోమా అనే కంతి పేగులకూ పట్టవచ్చును. అంతకన్న తరచు కనిపించేది క్లోమంలో పుట్టే ఇన్సులినోమా. గింజంత వుంటుంది, కాని ఇన్సులిన్‌ను అదుపులేకుండా వదిలి రక్తంలో చక్కెరను దించేస్తుంది. జంతువు శూన్యంలోకి చూస్తూ నిలబడిపోతుంది, చొంగ కారుస్తుంది, వెనకకాళ్ళు ఈడుస్తుంది. ముసలితనం వచ్చిందనుకుంటారు ఇంటివాళ్ళు. పొట్ట బాగాలేదు గదా, లంఖణం పరమౌషధం అన్నారు గదా అని దాన్ని పస్తుపెడితే చక్కెర మరీ పడిపోయి ఫిట్లు వస్తాయి. ఏ సామెత అయినా ఎవరి ఒంటికోసం పుట్టిందో చూసుకొని వాడుకోవాలి.

సరే, కాలనీకంతకూ ఫెర్రెట్ ఒక్కటేనేమో. కుక్కలు మాత్రం వీధి వీధికీ వున్నవి. వాటికి అసలు గండం వేసవిలో వస్తుంది. బంగినపల్లి పండు తిని పిల్లలు టెంక పారవేస్తారు. తీపి వాసనకు కుక్క దాన్ని నమలకుండా మింగుతుంది. గొంతు దాటి, పొట్ట దాటి, సరిగ్గా చిన్నపేగులో చిక్కుకుంటుంది ఆ టెంక. పోయిన వేసవిలో మా వెనక వీధిలో అదే జరిగింది. కుక్క రెండురోజులుగా నీళ్ళు తాగినా కక్కుతున్నది. ఇంటి పెద్దావిడ ఆముదం సీసా తీసుకువచ్చింది. ఆవిడ తన ఐదుగురు పిల్లలకూ నెలకొకసారి పట్టించిన చెయ్యి గనుక కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కోడలు మాత్రం, "అత్తయ్యగారూ, ఒక్క గంట ఆగండి, డాక్టరుగారికి చూపించి వస్తాను" అని కుక్కను ఆటోలో వేసుకుని వెళ్ళింది. వెళ్ళింది గనుక అది బతికింది. జానెడు పేగు కోసి తీసివేయవలసి వచ్చింది గాని, బతికింది.

ఆముదం ఎందుకు కూడదో ఆ డాక్టరుగారే చెప్పారట. ఆముదం పేగును గట్టిగా పిండుతుంది. దారి తెరిచి వుంటే పొట్ట శుభ్రమవుతుంది. దారి మూసుకుని వుంటే ఆ పిండుడుకు పేగు చిల్లిపడవచ్చు. చిల్లిపడితే మలమంతా కడుపులోకి చిమ్ముతుంది. నోటివెంట పోసే నూనె ఏదైనా కక్కుతున్న జంతువు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం మరొకటి. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదని నిశ్చింతగా యింటికి వచ్చేవారు కూడా వున్నారు. ఎక్స్‌రేలో మేకూ, ఎముకా, రాయీ స్పష్టంగా కనపడతాయి. రబ్బరూ, గుడ్డా తరచు కనపడవు. అనుమానం తీరకపోతే అల్ట్రాసౌండు అడగాలి.

పిల్లికి దారంతో తంటా. సంక్రాంతి వెళ్ళాక మేడలమీద గాలిపటాల దారాలు వేలాడుతుంటాయి, ఇంట్లో పూలు కట్టిన దారం సరేసరి. దారం ఒక కొస నాలుకకింద చుట్టుకుంటుంది, మిగతాది పేగుల్లోకి పోతుంది. పేగు దాన్ని ముందుకు తోయబోయి, తానే కుచ్చెళ్ళుగా ముడుచుకుని కోసుకుపోతుంది. వెనకనుంచి దారం కొస కనపడితే మటుకు లాగవద్దు. లాగితే లోపల రంపంలాగా తెగుతుంది.

మూగజీవమనీ, నోరులేనిదనీ అంటాం మనం. దాని తిప్పలన్నీ నోటివల్లనే వచ్చినవి. ఆవు సంగతి చూడండి. వంటింటి చెత్త ప్లాస్టిక్ సంచీలో వేసి, ఈగలు ముసరకుండా ముడివేసి వీధిలో పెడతాం. అన్నం వాసన లోపల వున్నది, ముడి విప్పే చేతులు ఆవుకు లేవు, సంచీతో సహా మింగుతుంది. వంద లీటర్లకు పైగా పట్టే మొదటి పొట్టలో అది అరగదు, ముందుకు పోదు. సంచీమీద సంచీ చేరి తాడులాగా పెనవేసుకుంటుంది. మేకో తీగముక్కో వుంటే తేనెపట్టులాంటి రెండో అరలో దిగి, అక్కడికి బెత్తెడు దూరంలోని గుండెలో గుచ్చుకోవచ్చు. పైకి కడుపు నిండుగా కనపడుతుంది గనుక ఆవు ఆకలితో చిక్కిపోతున్నదని ఎవరికీ తోచదు.

పుట్టపర్తిలోని కరుణా సొసైటీవారు ఇలాంటి ఆవుల పొట్టలు కోయించి పదుల కిలోల ప్లాస్టిక్ బయటికి తీయించారు. 2012లో సుప్రీంకోర్టుకు కూడా వెళ్ళారు. ఆ యేడే "ది ప్లాస్టిక్ కౌ" అనే డాక్యుమెంటరీ వచ్చింది. 2022 డిసెంబరు 31 నుంచి సంచీ 120 మైక్రాన్లకు తగ్గకూడదని నిబంధన. సంచీ దళసరి అయితే ఆవు పొట్టకు అరుగుతుందా అని అడగకండి, ఆ నిబంధన రాసినవారు ఆవును దృష్టిలో పెట్టుకున్నట్టు నాకు తోచదు. ఆ ఆపరేషను ఆవును నిలబెట్టే చేస్తారు, ఎడమ డొక్కకు మత్తుసూది వేసి. డాక్టరు భుజందాకా చెయ్యి లోపలికి పెట్టి, నల్లగా నానిన సంచీలను ఒక్కొక్కటే లాగుతాడు. కొన్నిటి ముడి యింకా వూడకుండానే వుంటుంది.