అరువు శైలి

సంజీవరెడ్డినగర్, అమీర్‌పేటలలో కంప్యూటర్ శిక్షణాలయపు బోర్డు కానరాని వీథి అరుదు. జిల్లాలనుండి వచ్చి వసతిగృహములలో నుండు యువకులు పలువురు ఇచ్చట బొమ్మలకు ప్రాణము పోయు విద్యను సొమ్ము కట్టి నేర్చుచున్నారు. ఇప్పుడా విద్యకు కొత్త పోటీ వచ్చినది. కృత్రిమ మేధకు నాలుగు మాటలు చెప్పి, చివర నొక చిత్రకారుని పేరు చేర్చిన చాలును; నిమిషములో ఆతని ఫక్కిలో బొమ్మ సిద్ధమగును.

వాన్ గో పేరు చెప్పినచో దట్టమైన రంగులు సుడులు తిరుగును. మోనే పేరు చెప్పినచో నీటిపై వెలుగు చెదరును. వారు 1890లోను, 1926లోను గతించినవారు. వారి జీవనమునకు భంగము లేదు. గ్రెగ్ రుట్‌కోవ్‌స్కీ సంగతి యట్టిది కాదు. పోలెండు దేశస్థుడైన యీతడు జీవించియున్న చిత్రకారుడు. మహాసర్పములు, వీరులు, యుద్ధములు గల అద్భుత చిత్రములకు ప్రసిద్ధుడు. 2022లో స్టేబుల్ డిఫ్యూజన్ వెలువడిన కొలది వారములకే యీతని పేరును జనులు వేలకొలది మారులు వాడిరి. తన పేర వెదకువారికి తాను గీయని బొమ్మలే యెదురగునని ఆతడు కలత చెందెను.

భారతదేశపు 1957నాటి కాపీరైటు చట్టము చిత్రమును రక్షించును గాని శైలిని రక్షింపదు. ఇది సబబే. శైలి యొకరి సొత్తైనచో శిష్యుడు గురువువద్ద నేర్చుకొనుటయే నేరమగును. కాని శిష్యుడు చూచి నేర్చుటకును, యంత్రము అనుమతి లేక కోట్లకొలది చిత్రములను మ్రింగుటకును భేదము కలదు. ఇట్టి ప్రశ్నలకు ప్రస్తుత చట్టము చాలునా యని విచారించుటకే కేంద్రప్రభుత్వము 2025లో ఒక సంఘమును నియమించినది.

చట్టమెట్లు తేలినను, విద్యార్థి ప్రశ్న వేరు: తాను నేర్వవలసినదేమి? దీనికి సమాధానము తెలుగునాటనే కలదు. 1910ల దశాబ్దమున రాజమహేంద్రవరము ఆర్ట్స్ కళాశాల ప్రధానాధ్యాపకుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే ఆంగ్లేయుడు, స్వయముగా చిత్రకారుడు. ఆయన దామెర్ల రామారావును, అడివి బాపిరాజును తనకు నకళ్ళుగా చేయలేదు. వారి చూపును అజంతావైపు మళ్ళించెను. రామారావు 1925లో, ఇరువదియెనిమిదవ యేటనే కన్ను మూసెను. బొంబాయి కళాశాలలో పాశ్చాత్య పద్ధతులు నేర్చినను, ఆతని చిత్రములలో నున్నది గోదావరి సీమ జీవితమే.

పరుల పేరు వ్రాయుటకు గురువు అక్కరలేదు. బొమ్మ కొనువాడే రేపు దానిని వ్రాసికొనగలడు. అప్పుడు చిత్రకారునితో పనియేమి? చూచుట నేర్పిన శిక్షణయే విద్యార్థికి అన్నము పెట్టును.