మైకు అక్కర్లేని హాలు ఒకటి మెట్‌పల్లికి కావాలి

మెట్‌పల్లిలో నాది మైకుసెట్ దుకాణం. పెండ్లి, బతుకమ్మ, గణపతి మండపం, ఎలక్షన్ మీటింగు, ఏది జరిగినా సౌండ్ బాక్సులు మోసుకుపోవడమే నా పని. ఆ పనిలో ఉన్నవాడిగానే అడుగుతున్నాను: మైకు లేకుండా వయొలిన్ వినగలిగే చిన్న హాలు ఒకటి మా ఊళ్లో కట్టాలి.

హైదరాబాద్‌లో విదేశీ కళాకారుల సోలో కచేరీలు జరుగుతుంటాయి. హైదరాబాద్ వెస్టర్న్ మ్యూజిక్ ఫౌండేషన్, గోథే జెంట్రమ్, అలియాన్స్ ఫ్రాన్సేజ్ లాంటి సంస్థలు పియానో, వయొలిన్, చెల్లో వాయించేవాళ్లను రప్పిస్తాయి. రాబోయే కచేరీల కబురు ఫోన్‌లో కనిపిస్తే నేను ముందు చూసేది హాలు పేరు. పక్కన తబలా, మృదంగం ఏదీ లేకుండా ఒక్క మనిషి ఒక్క వాద్యంతో గంటన్నర కూర్చోబెట్టాలంటే ఆ గది కూడా కలిసి రావాలి. హైదరాబాద్‌కు రవీంద్రభారతి 1961లో ఠాగూర్ శతజయంతికి వచ్చింది. హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం 2024లో తెరిచారు, సంతోషమే. మరి మా వైపు వచ్చినవేమిటి? ఫంక్షన్ హాళ్లు.

వాటి సంగతి నాకు బాగా తెలుసు. కింద గ్రానైట్, చుట్టూ నున్నటి గోడలు, పైన రేకు. ఖాళీ హాలు నడుమ నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి, ఆ మోత ఎంతసేపు తిరుగుతుందో. అయ్యగారు చదివే మంత్రంలో ఒక మాట ఆగకముందే ఇంకో మాట దాని మీద పడుతుంది. వెనక కుర్చీల నుంచి "అన్నా, జర సౌండ్ పెంచు" అని కేకలు. పెంచితే ఇంకా ముద్దవుతుంది. బాక్సులను జనం వైపు వంచుతాను, బేస్ తగ్గిస్తాను, కొన్నిటిని బంద్ చేస్తాను. అయినా గదిలో ఉన్న లోపాన్ని ఏ యాంప్లిఫయరూ దిద్దలేదు.

1895లో అమెరికాలోని హార్వర్డ్‌లో వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడికి ఇదే చిక్కు అప్పజెప్పారు. అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో శబ్దం ఐదున్నర సెకన్లు మోగుతూనే ఉండేదట. ఆయన వేరే థియేటర్ నుంచి సీట్ల మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి, పరిచి, ఆర్గన్ గొట్టం మోగించి, అది ఎప్పటికి అణిగిపోతుందో గడియారం పెట్టి కొలిచాడు. మెత్తలు పెరిగినకొద్దీ మోత తగ్గింది. ఆ లెక్కలతోనే 1900లో బోస్టన్ సింఫనీ హాల్ కట్టారు. మన దేశంలో ముంబైలోని కళాకేంద్రం ఎన్‌సీపీఏలో 1980లో తెరిచిన టాటా థియేటర్‌ను కూడా మైకు లేకుండా చివరి వరసకు వినిపించేలా కట్టారు. శబ్దం లెక్క చూసింది సిరిల్ హారిస్.

మెత్తలంటే దూది, బట్ట. ఖాదీకి పేరున్న ఊరు మాది. మందపాటి ఖాదీ తెరలు గోడకు కాస్త ఎడంగా వేలాడదీస్తే ఎంత మోత పీల్చుకుంటాయో నేను చేసి చూపిస్తాను. పనివాళ్లు లేరా అంటే, దుబాయ్‌లో, దోహాలో ఫాల్స్ సీలింగులు, చెక్క పలకలు బిగించి వచ్చినవాళ్లు మెట్‌పల్లి, కోరుట్ల వాడల్లో ఎందరో ఉన్నారు. అక్కడి హాళ్లకు పనికొచ్చిన చేతులు సొంత ఊరి హాలుకు ఎందుకు పనికిరావు?

"ఇక్కడ వినేదెవరు?" అని పెద్దమనుషులు అడుగుతారు. ఆ మాట నాకు కష్టం కలిగిస్తుంది. ఏటా త్యాగరాజ ఆరాధనకు వేములవాడ రాజన్న గుడిలో కచేరీలు జరుగుతాయి. దర్శనానికి వచ్చిన రైతులు, సిరిసిల్ల మరమగ్గాల మీద పని చేసేవాళ్లు సంచులు పక్కన పెట్టుకుని వింటారు. రాగం పేరు తెలియకపోవచ్చు. రోజంతా మగ్గం చప్పుడులో ఉండే చెవికి ఒక్క తీగ నాదం ఎంత అవసరమో ఆ అడిగేవాళ్లకు తెలియదు.

వయొలిన్ మనకు పరాయిదీ కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దాన్ని ఒక యూరోపియన్ దగ్గర నేర్చి మన సంగీతంలోకి తెచ్చాడు. పక్కవాద్యంగా ఉన్న దాన్ని సోలో కచేరీకి నిలబెట్టినవాళ్లలో మన ద్వారం వెంకటస్వామినాయుడు ముఖ్యులు. 1952లో విదేశీ వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మన దేశానికి వచ్చినప్పుడు మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ ఇంట్లో ద్వారం వారి వాయిద్యం విన్నాడు. అంత పెద్ద విద్వాంసులిద్దరు కలుసుకోవడానికి ఒక ఇంటి గది సరిపోయింది. నేను అడిగేదీ రెండు వేల కుర్చీల భవనం కాదు. రెండు వందల యాభై చాలు. పైన చెక్క, గోడలకు ఖాదీ, బయట లారీల హారన్ లోపలికి రాకుండా రెండు వరసల తలుపులు. మెట్‌పల్లి నేషనల్ హైవే మీద ఉంది, రైలూ ఉంది. హైదరాబాద్ దాకా వచ్చిన కళాకారుడికి ఇంకో నాలుగైదు గంటల దారి పెద్ద దూరం కాదు. హాలు బాగుందని తెలిస్తే వస్తారు.

మున్సిపాలిటీ వాళ్లు స్థలం చూపిస్తే మంచిదే. అది ఆలస్యమైతే కొత్తగా ఫంక్షన్ హాలు కడుతున్నవాళ్లెవరైనా రేకు వేసే ముందు నన్ను పిలవండి. మోత ఎన్ని సెకన్లుందో కొలిచి, ఎక్కడ బట్ట వేయాలో, ఎక్కడ చెక్క కొట్టాలో గీసిస్తాను. దానికి పైసా తీసుకోను.