నూటికెందరు?

ఏటేట వేసవిలో పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడును. వెనువెంటనే పాఠశాలలను వరుసలు కట్టి చూచుట ఆరంభమగును. నూటికి నూర్గురును ఉత్తీర్ణులైన పాఠశాలకు సన్మానము. వెనుకబడిన పాఠశాల ప్రధానోపాధ్యాయునకు సంజాయిషీ తాఖీదు. ఆ వెనుకబడిన పాఠశాల ఏ పల్లెలోనిది, అందు చదువు పిల్లలెవరు, వారెందరు అని అడుగువారు మాత్రము అరుదు. ఆ అడుగని ప్రశ్ననే నేడు మనము విచారింపవలసియున్నది.

మన జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో పదవ తరగతియందు పండ్రెండుగురు మాత్రమే ఉన్న ఒక చిన్న పాఠశాలను తలపోయుడు. అందొక్కడు తప్పినచో ఉత్తీర్ణత నూటికి 91.67కు దిగును, ఇద్దరు తప్పిరా, 83.33. ఒక బాలికకు పరీక్షనాడు జ్వరము తగులుటయు, ఒక బాలుడు తల్లివెంట మిరపకోతలకు పోయి నెలదినములు బడి మానుటయు, ఈ రెండే చాలును ఆ పాఠశాల వరుసలో అట్టడుగునకు జారుటకు. నూర్గురున్న పాఠశాలలో ఇద్దరు తప్పిన తగ్గునది రెండే. లెక్క ఒక్కటే, న్యాయము ఒక్కటి కాదు.

ఇక ఆ పండ్రెండుగురెవరు? ఊర కలిగినవారి బిడ్డలు ఉదయముననే బస్సెక్కి పట్టణములోని ప్రైవేటు బడికి పోవుచున్నారు. పేదలలో చురుకైన పిల్లలు ప్రవేశపరీక్ష వ్రాసి అయిదవ తరగతిలోనే గురుకులములలో చేరుచున్నారు. 1971లో నాటి నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున మొదలైన గురుకులపద్ధతి వేలకొలది పేదయిండ్లలో దీపము వెలిగించినది. దానిని మేము నిందింపము. కాని ఏరి తెచ్చుకొన్న విత్తనముల పంటను, ఏరగా మిగిలినవాని పంటతో సరిపోల్చి, రెండవ రైతును సోమరియనుట తగునా? ఊరిబడిలో మిగిలినవారు కూలివారి బిడ్డలు; తమ్ముని ఎత్తుకొని ఇంట నిలువవలసిన ఆడపిల్లలు; ఇంట లంబాడీయో, కోయయో, గోండియో మాటాడి బడిలో వేరొక భాషయందు చదువవలసిన తండాల, గూడెముల పిల్లలు. పిల్లలు తగ్గిన కొలది ఉపాధ్యాయులను తగ్గింతురు. ఉపాధ్యాయులు తగ్గిన కొలది మరికొందరు పిల్లలు బడి వీడుదురు. ఈ సుడిలో పడిన పాఠశాలను గట్టున నిలిచి మందలించుట పరిపాలన కాదు.

పరీక్షాఫలితము బడిని మాత్రమే కొలుచునను భ్రమ మనకు పోవలెను. ఆంధ్రప్రదేశమున 2019లో పదవ తరగతి ఉత్తీర్ణత నూటికి 94.88. కరోనా వలన 2020, 2021 సంవత్సరములలో పరీక్షలు జరుగలేదు. 2022లో జరుగగా ఉత్తీర్ణత 67.26. మూడేండ్లలో రాష్ట్రమందలి ఉపాధ్యాయులెల్లరు విద్య మరచిరా? బడులు మూతపడినవి, ఫోను లేని ఇంట పాఠము నిలిచిపోయినది. అమెరికాదేశమున 1966లో కోల్మన్ పండితుని నివేదికయు, పిల్లల చదువులోని తారతమ్యమునకు బడికంటె ఇంటిపరిస్థితియే ఎక్కువ కారణమని చాటినది.

శాతమునే దైవముగా కొలుచుటయందు మరియొక ప్రమాదము కలదు. రెండు పాఠశాలలను ఊహింతము. రెండింటను ఆరవ తరగతిలో ఇరువదిమంది చేరిరి. మొదటిదానియందు బలహీనులను మెల్లమెల్లగా తొలగించి పండ్రెండుగురిని పరీక్షకు పంపగా అందరును ఉత్తీర్ణులైరి. రెండవదానియందు పందొమ్మండుగురిని నిలుపుకొని పరీక్షకు పంపగా పదునార్గురు గట్టెక్కిరి. మొదటిదానికి నూటికి నూరు, రెండవదానికి 84.21. సన్మానము మొదటిదానికే! ఊరికి పదునార్గురిని ఇచ్చిన బడి గొప్పదా, పండ్రెండుగురిని ఇచ్చినది గొప్పదా? శాతమును పెంచుటకు మిక్కిలి సులభమైన ఉపాయము, తప్పునేమో యనిపించు బిడ్డను గడప దాటించుటయే. ప్రభుత్వ పాఠశాల చేయగూడని పాతకము ఇదొక్కటియే.

ఇట్లనుటచే ఉపాధ్యాయుల అలసతకు మేము వకాల్తా పుచ్చుకొనుటలేదు. “కూలివారి పిల్లలు గదా, వీరికింతకంటె రాదు” అని సుద్దముక్క పారవైచువాడు ఆ బిడ్డకు పేదరికముకంటె పెద్ద శత్రువు. పిల్లల స్థితిని ఎరుగుట సాకు వెదకుటకు కాదు, తగిన సహాయము పంపుటకు.

చిన్న బడి మూతపడిన నష్టపోవువారెవరు? 2009 నాటి విద్యాహక్కుచట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకే పిల్లలకు అండ. తొమ్మిది, పది తరగతుల వయస్సున ఆ అండ తొలగును. సరిగా ఆ వయస్సుననే ఆడపిల్లకు పెండ్లిమాట వచ్చును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండకముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణమున 23.5. బడి నడకదూరమున ఉన్నచో తల్లి బిడ్డను పంపును. పొరుగూరికి పోయినచో పుస్తకములు అటకెక్కును. ఆ లెక్క ఏ ఫలితముల పట్టికలోను కానరాదు.

కావున మేము కోరునది స్వల్పము. ఉత్తీర్ణుల శాతము ప్రకటించునప్పుడు దాని ప్రక్కనే మరి నాలుగు అంకెలు ప్రకటింపుడు: ఆరవ తరగతిలో చేరినవారెందరు, వారిలో పదవ తరగతి పరీక్షకు కూర్చున్నవారెందరు, వారిలో బాలికలెందరు, ఆ ఏట గణితమునకు, ఆంగ్లమునకు ఉపాధ్యాయుడు లేని దినములెన్ని? ఒక్క ఏటి ఫలితమును గాక అయిదేండ్ల సరాసరిని చూడుడు. తాఖీదు పంపుటకు ముందు ఉపాధ్యాయుని పంపుడు.

ప్రజలారా! మీ ఊరిబడి ఫలితమును విని పెదవి విరుచుటకు ముందొకసారి ఆ గడప త్రొక్కి చూడుడు. అందు కూర్చున్న పండ్రెండుగురు ఎవరో కారు, మన బిడ్డలే. వారిలో ఒక్కడు తప్పిన తప్పినది నూటికి ఎనిమిది కాదు. తప్పినది ఒక నిండు జీవితము.