మానుకున్నదెవరు?

చాలా రోజుల తరువాత మళ్ళీ రాయడానికి కూర్చున్నాను. ఈసారి ఛందస్సు జోలికీ వ్యాకరణం జోలికీ పోను. మా ఇంట్లో జరిగిన ఒక చిన్న పంచాయితీ గురించి చెబుతాను. అందులో తీర్పు చెప్పవలసిన పెద్దమనిషిని నేనే. తీరా చూస్తే ముద్దాయిల వరుసలో నేను కూడా నిలబడవలసి వచ్చింది. కాబట్టి నా తీర్పు ఎంతవరకు సబబో చదివినవారే నిర్ణయించాలి.

కిందటి నెలలో మా తమ్ముడు పల్లె నుండి గుంటూరు వచ్చాడు. మిర్చి యార్డులో పని చూసుకుని, మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి చేరాడు. భోజనం ముగిసిందో లేదో కొడుకు మీద ఫిర్యాదు విప్పాడు. అబ్బాయి కొలరాడో రాష్ట్రంలో డెన్వరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఇంకా పెళ్ళి కాలేదు. మంచి జీతమే. అయినా మరో ఇద్దరితో కలిసి ఇరుకు ఇంట్లో ఉంటాడట, పాత కారులో తిరుగుతాడట, హోటలు గడప తొక్కడట, మధ్యాహ్నానికి డబ్బాలో పులిహోర కలుపుకుని పోతాడట. ఇదంతా విని, పొదుపరి అబ్బాయి, సంతోషించక ఏడుస్తావేమిరా అన్నాను.

"పొదుపైతే నాకెందుకు బాధ అన్నయ్యా! ఆ మిగిల్చిందంతా మంచు మీద జారడానికి తగలేస్తున్నాడు. కాళ్ళకి చెక్కలు కట్టుకుని కొండెక్కడం, కిందికి జారడం. మళ్ళీ ఎక్కడం, మళ్ళీ జారడం. మన బళ్ళో జారుడుబల్ల మీద పిల్లలు ఊరికే జారేవాళ్ళు కాదూ? దానికి డబ్బులా? నువ్వైనా నాలుగు మాటలు చెప్పు" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. వాడికి కోపం వచ్చింది. నేను నవ్వింది వాడి కొడుకును తలచుకుని కాదు, వాడి పశువుల కొట్టాన్ని తలచుకుని.

మా తమ్ముడికి రెండు జతల ఒంగోలు ఎడ్లున్నాయి. అవి అరక దున్నవు, బండి లాగవు. పొలం పనులన్నీ అద్దె ట్రాక్టరుతో జరుగుతాయి. ఈ ఎడ్లు కేవలం బండలాగుడు పోటీల కోసం పెరుగుతున్నవి. మా ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు గానీ, దూరదేశాల మిత్రుల కోసం రెండు మాటలు. సంక్రాంతికి, శివరాత్రికి, ఊరూరి తిరునాళ్ళకు ఈ పోటీలు పెడతారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ ఎద్దు నోట్లో పళ్ళను బట్టి విభాగాలు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క బరువు బండ. నిర్ణయించిన నిమిషాలలో ఆ బండను ఏ జత ఎన్ని అడుగుల దూరం లాగితే దానికి ఆ వరుసలో బహుమతి. బహుమతి వచ్చిన రోజున కూడా లారీ కిరాయి, వెంట వచ్చిన మనుషుల భోజనాలు పోగా చేతిలో మిగిలేది ఫొటో ఒక్కటే. రాని రోజులే ఎక్కువ.

వాటి మేత వినండి. ఉడికించిన ఉలవలు, నానబెట్టి రుబ్బిన పత్తిగింజలు, జొన్నచొప్ప, పచ్చిమేత. పోటీలు దగ్గరపడితే కోడిగుడ్లు, బాదంపప్పు, ఖర్జూరం. మా తమ్ముడు తన జన్మలో బాదంపప్పు కొని తిని ఎరుగడు. వాడికున్నవి పండక్కి ఒకటి, పనికి రెండు పంచెలు. ఏనాటిదో మోపెడ్డు. వానాకాలంలో వసారా కురుస్తుంది, ఎడ్ల కొట్టం మాత్రం కురవదు. వేసవిలో పంకా కూడా ముందు కొట్టంలోనే తిరుగుతుంది. ముప్పై ఏళ్ళ చుట్ట అలవాటును ఒక్క రోజులో మానేశాడు. ఆరోగ్యం కోసమనుకున్నాం. ఆ డబ్బుతో ఉలవలు వస్తాయని తరువాత తెలిసింది.

ఇది వెర్రి అని కొట్టివేయడం తేలిక. నేనూ చాలా కాలం అలాగే కొట్టివేశాను. కానీ మరొక వైపు కూడా ఉన్నది. ట్రాక్టర్లు వచ్చాక లెక్క ప్రకారం ఒంగోలు ఎద్దుకు మన నేల మీద పనే లేదు. ఆ జాతిని బ్రెజిలు దేశస్థులు తీసుకుపోయి మందలు మందలుగా పెంచుకున్నారు. ఒకప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కనుక అక్కడ దాన్ని నెల్లోర్ అంటారు. 1960వ దశకం తొలి ఏళ్ళలో అక్కడికి చేరిన గిత్తలలో ఒకటి ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. 2023లో వియాటినా-19 అనే నెల్లోర్ ఆవుకు నలభై లక్షల డాలర్లకు మించిన విలువ కట్టి, ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన పశువుగా గిన్నిస్ పుస్తకంలో రాసుకున్నారు. అక్కడ దాన్ని నిలిపింది వ్యాపారం. ఇక్కడ, గుండ్లకమ్మ పరిసరాలలో, లాం, చదలవాడ వంటి ప్రభుత్వ క్షేత్రాలను పక్కన పెడితే, నిలిపింది మా తమ్ముడి వంటి లెక్క తెలియని వాళ్ళే. పందెపు కోడెకు గిరాకీ ఉన్నందువల్లనే ఆవును మేపే ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలాయని నా నమ్మకం. కనుక ఖరీదైన సరదాలన్నీ వ్యర్థమని నేననను. లాభం చూసుకునేవాడు వదిలేసినదాన్ని ఒక్కొక్కసారి సరదాపడేవాడే కాపాడుతాడు.

అయితే చిక్కు ఖరీదులో లేదు.

2021-22 పంటకాలంలో నల్ల తామరపురుగు వచ్చి మా ప్రాంతంలో మిరప తోటలను ఊడ్చిపెట్టింది. పూతలోనే పంట పోయింది. ఎడ్లకు మేత తగ్గించడానికి మా తమ్ముడికి మనసొప్పలేదు. మా మరదలి నానుతాడు బ్యాంకుకు వెళ్ళింది. 2023లో క్వింటాలు మిర్చి ఇరవై వేలు దాటి పలికింది. ఆమె గొలుసు ఇంటికి వస్తుందనుకున్నది. ఇంటికి వచ్చింది నాలుగు పళ్ళ జత. 2025లో ధర సగానికి పడిపోయి, కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు 11,781 రూపాయలు అంటూ మార్కెట్ జోక్యపు ధర ప్రకటించవలసి వచ్చింది. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉన్నది. అంతకు ముందు, అబ్బాయి ఇంజనీరింగు రెండో ఏడు ఫీజు గడువు కూడా ఒక జత కోడెల కొనుగోలుకు బలయింది. అప్పుడు నేను కట్టాను. ఎత్తిపొడుపుకు చెప్పడం లేదు, లెక్క పూర్తి కావాలని చెబుతున్నాను.

సంస్కృతంలో రెండు మాటలున్నాయి. చూడటానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి గానీ పుట్టిళ్ళు వేరు. ఒకటి వ్యాసంగం. అంటిపెట్టుకొనడం అనే అర్థమున్న ధాతువు నుండి వచ్చింది. రెండవది వ్యసనం. విసిరివేయడం అనే అర్థమున్న ధాతువు నుండి వచ్చింది. మనం దేన్ని అంటిపెట్టుకుంటామో అది వ్యాసంగం, మనల్ని ఏది విసిరివేస్తుందో అది వ్యసనం అని తరగతిలో చెప్పేవాడిని. పిల్లలు రాసుకునేవారు. సప్తవ్యసనాలలో జూదం, పానం, వేట మొదలైన వాటితో పాటు అర్థదూషణం, అంటే ధనాన్ని పాడుచేయడం కూడా ఉన్నదని కలిపేవాడిని. ఇప్పుడనిపిస్తున్నది, ఆ పాఠంలో ఒక లోపమున్నది. వ్యసనం విసిరివేసేది వ్యసనపరుణ్ణి ఒక్కణ్ణే కాదు. చాలాసార్లు అతడు స్థిరంగానే ఉంటాడు. దూరంగా వెళ్ళి పడేది పక్కనున్నవారు.

ఈ మాట తమ్ముడితో అనబోతుండగా నా ఇల్లాలు మజ్జిగ గ్లాసులు తెచ్చి పెట్టింది. ఆమెకు మా సంభాషణంతా వినబడుతూనే ఉన్నది. "మీరు కాఫీ మానేసిన సంగతి కూడా మీ తమ్ముడికి చెప్పండి" అన్నది.

అది నేను సగర్వంగా చెప్పుకునే కథ. 1987లో తెల్లదోమ పత్తిని నాశనం చేసి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులను కుంగదీసిన కాలం. పురుగుమందుల అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. మా ఇంటికీ దెబ్బ తగిలింది. నేను అప్పుడప్పుడే తెలుగు పండితుడిగా ఉద్యోగంలో చేరినవాడిని. చేతికి వచ్చే జీతం స్వల్పం, అందులో సగం ఊరికి. అయినా సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు ఒక్కొక్కటిగా కొనాలని పట్టుబట్టాను. అందుకోసం ఏడేళ్ళు కాఫీ ముట్టలేదు. పదవీ విరమణ సభలో కూడా ఈ సంగతి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

"మీరు కాఫీ మానేశానన్నారు. కాఫీపొడి కొనడం మానేశారు. నేనూ తాగేదాన్నేగా!" అన్నది ఆమె. కోపంగా అనలేదు. గ్లాసులు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ముప్పై ఎనిమిదేళ్ళలో ఈ కోణం నాకు ఒక్కసారైనా తట్టలేదు. తెల్లవారుజామున లేచి నీళ్ళు తోడి, వంట చేసి, చంటిపిల్లను సముదాయించిన మనిషి ఏడేళ్ళు కాఫీ లేకుండా ఉన్నది. ఆమెకు అందులో నిఘంటువు రాలేదు, చప్పట్లూ రాలేదు. త్యాగం ఆమెది, పేరు నాది.

నేనూ తమ్ముడూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ మధ్యాహ్నం ఇక ధర్మోపన్యాసం సాగలేదు.

ఆదివారం నాడు అబ్బాయికి ఫోను చేశాను. మందలించడానికి కాదు, తెలుసుకోవడానికి. డెన్వరుకు పడమరగా వంద మైళ్ళ దూరాన వెయిల్ అనే కొండ ఉన్నదట. అక్కడికక్కడ టిక్కెట్టు కొంటే ఒక్క రోజుకు మూడు వందల డాలర్లు దాటుతుందట. అందుకని ముందుగానే వెయ్యి డాలర్ల పైచిలుకు పెట్టి సీజను మొత్తానికి పాసు తీసుకుంటాడట. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం తిని, చీకటిపడ్డాక తిరిగివస్తాడట. చదువు అప్పు తీరిపోయింది. తల్లికి నెలనెలా పంపుతున్నాడు. అప్పు చేసి ఒక్క చేతితొడుగు కూడా కొనలేదన్నాడు.

"అందులో ఏముందిరా?" అని అడిగాను.

"నాన్న ఎడ్లు కాడి కింద నిలబడి, బండ కదిలే ముందు ఒక్క క్షణం ఊరంతా ఊపిరి బిగబట్టేది గుర్తుందా పెదనాన్నా? కొండ పైన నిలబడినప్పుడు నాకు అలా ఉంటుంది. కిందికి దిగేదాకా వేరే ఆలోచన రాదు" అన్నాడు.

తండ్రికి అర్థం కాని కొడుకు సరదా తండ్రి దగ్గర నుంచే వచ్చిందన్నమాట. ఇంత వరకు వాడి లెక్క నాకు శుభ్రంగానే కనిపించింది. మానుకున్న హోటలు భోజనం వాడిది, ఇరుకు గది వాడిది, పాత కారు వాడిది. తన నాలుకను, తన నడుమును కష్టపెట్టుకుని తన మనసుకు నచ్చింది కొనుక్కునేవాణ్ణి తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అప్పుడు, రెండేళ్ళుగా సంక్రాంతికి రాలేదేమని అడిగాను. కొంచెం తటపటాయించి, విమానం టిక్కెట్టు డబ్బు, సెలవులు రెండూ శీతకాలంలోనే కొండకు ఖర్చవుతున్నాయని ఒప్పుకున్నాడు.

"మిగతావి నీ విలాసాలు, నువ్వు మానుకోవచ్చు. ఇంటికి రావడం నీ ఒక్కడి విలాసం కాదు నాయనా. అది నువ్వు మానుకుంటే మానుకున్నది మీ అమ్మ. ఆమెను అడిగావా?" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. నా మాటలో బలమున్నదంటే అది నా పాండిత్యం వల్ల వచ్చినది కాదు, మజ్జిగ గ్లాసుతో వచ్చినది.

నా తీర్పు ఇంతే. ఖరీదైన సరదా ఉండవచ్చు. దానికోసం నిత్యసుఖాలు కొన్ని వదులుకోవచ్చు కూడా, అదొక తపస్సు. కానీ వదులుకున్న వస్తువుల పట్టీ ఒకటి రాసి, ప్రతి వస్తువు ఎదుట అది ఎవరిదో పేరు రాయాలి. తన పేరు కాని చోట వారిని అడిగినట్లు గుర్తు పెట్టగలగాలి. ఈ పట్టీలో ఎద్దు పేరు కూడా వస్తుంది. 2014లో సర్వోన్నత న్యాయస్థానం జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిషేధించింది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు చేసుకున్న చట్టసవరణలను సమర్థించింది. న్యాయశాస్త్రం మాట అటుంచి, బాదంపప్పు పెట్టినంత మాత్రాన ముల్లుకర్రకు ఎద్దు సమ్మతించినట్లు కాదని మా తమ్ముడు తెలుసుకోవాలి. వాడు ముల్లుకర్ర వాడనంటాడు. బండ కదలని రోజున కూడా వాడకపోతే నమ్ముతాను.

అబ్బాయి వచ్చే సంక్రాంతికి టిక్కెట్టు కొన్నాడు. తమ్ముడు ఆ రోజు వెళ్ళినవాడు మళ్ళీ ఫోను చేయలేదు. నానుతాడు సంగతి ఏమయిందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అడగవలసి ఉన్నది.

ఇదంతా రాసి ముందుగా ఇంట్లో చదివి వినిపించాను. "ఆ రోజుల్లో అడిగినా సరేననేదాన్ని. అడిగి ఉంటే బాగుండేది" అన్నది. నిఘంటువు ఎనిమిది సంపుటాలూ ఎదుటి బీరువాలోనే ఉన్నాయి.

మీ మీ ఇళ్ళలో ఇటువంటి లెక్కలు ఎలా తేలాయో తెలియజేయగలరు. సెలవు.